లెక్కల సారు నుంచి హక్కుల సంఘం దాకా: ఉద్యోగం మానేయాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు అదే క్లుప్తంగా రాస్తున్నా. నువ్వు హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తున్నావు, పక్కన పీహెచ్‌డీ నడుస్తోంది, బాలగోపాల్ వ్యాసాలు చదివిన తర్వాత పాఠం చెప్పడం మీద మనసు నిలవడం లేదు. ఆయన కూడా లెక్కల సారే, ఇక్కడి కాకతీయ యూనివర్సిటీలోనే చెప్పాడు, ఉద్యోగం వదిలి హక్కుల సంఘం నడిపాడు, మరి నేనూ ఇప్పుడే రాజీనామా పెట్టి పూర్తికాలం దిగాలా, దిగితే బతికేది ఎట్లా, ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలి అని అడిగావు. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక హక్కుల సంఘంలో పనిచేశాను, ఇప్పుడూ చేస్తున్నాను. ఉద్యోగం మాత్రం వదల్లేదు. నా సలహా ఎటు మొగ్గుతుందో తెలియాలని ఈ మాట ముందే చెప్తున్నా.

మొదట నీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. బాలగోపాల్ ఉద్యోగం మానేసి హక్కుల పనిలోకి వెళ్లాడని రాశావు. వరస అది కాదు. ఆయన వరంగల్ ఆర్ఈసీలో, అంటే ఇప్పటి నిట్‌లో, గణితంలో పీహెచ్‌డీ పూర్తి చేశాడు. తర్వాత ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం పరిశోధన చేసి 1981లో కాకతీయలో చేరాడు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అంటే ఉద్యోగంలో ఉండగానే ఆ బాధ్యత తీసుకున్నాడు. రెండేళ్లు క్లాసు, సంఘం రెండూ నడిచాయి. 1985లో ఉద్యోగం పోయేటప్పటికి ఆయన చేతిలో రెండేళ్ల పని ఉంది, ఊళ్లతో పరిచయం ఉంది, వెనక ఒక సంఘం ఉంది. నువ్వు ఇవేవీ లేకుండా ముందు రాజీనామా పెడతానంటున్నావు.

ఆ కాలపు వరంగల్ ఎట్లుండేదో కూడా తెలుసుకో, లేకపోతే ఆయన కథ ఒక మంచి మనిషి చేసిన త్యాగంలా మాత్రమే కనిపిస్తుంది. 1975 జూలైలో, ఎమర్జెన్సీ పెట్టిన నెలకే, గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని ఎన్‌కౌంటర్ పేరుతో చంపారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ ఆర్ఈసీ విద్యార్థి. ఎమర్జెన్సీ పోయాక మాజీ జడ్జి తార్కుండే నాయకత్వంలో ఒక కమిటీ వచ్చి ఈ ఎన్‌కౌంటర్ల మీద విచారణ చేసింది. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండు ఆదివాసీల మీద పోలీసు కాల్పులు. ఆ రోజుల్లో ఈ ఊర్లో లెక్కలు చదివే కుర్రాడికైనా, చెప్పే సారుకైనా ఇవన్నీ పేపర్లో చదివే దూరపు వార్తలు కావు. హాస్టల్ పక్క గదిలో ఉన్నవాడి గురించిన వార్తలు. ఆయన్ని ఇటు లాగింది పుస్తకం ఒక్కటే కాదు, ఈ ఊరు కూడా.

ఇక 1985. జనవరిలో జగిత్యాలలో పౌరహక్కుల సంఘానికి చెందిన గోపి రాజన్నను చంపారు. సెప్టెంబర్ 2న కాజీపేటలో ఒక ఎస్ఐని నక్సలైట్లు చంపారు. మరుసటి రోజు ఆ ఎస్ఐ అంతిమయాత్ర సాగుతుండగా పోలీసులు డాక్టర్ రామనాథం క్లినిక్‌లోకి వెళ్లి ఆయన్ని కాల్చి చంపారు. పిల్లల డాక్టరు ఆయన. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. వరంగల్‌లో నా వయసువాళ్లను అడుగు, చిన్నప్పుడు జ్వరమొస్తే ఆయన దగ్గరికే తీసుకుపోయారని చెప్పేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. అదే రోజుల్లో బాలగోపాల్ మీద కేసులు, అరెస్టు, జైలు. యూనివర్సిటీలో పాఠం చెప్పే జీవితం అక్కడితో ముగిసింది. 1989లో ‘ప్రజాబంధు’ అనే గుంపు పేరుతో బాలగోపాల్‌ను కిడ్నాప్ చేశారు. 1991 డిసెంబర్‌లో వరంగల్‌లో పౌరహక్కుల సంఘం లాయర్ నర్రా ప్రభాకర్ రెడ్డిని కాల్చి చంపారు. ఉద్యోగం పోవడం ఈ వరసలో అన్నిటికంటే చిన్న నష్టం. నిన్ను భయపెట్టాలని ఇది రాయడం లేదు, ఇప్పుడు రోజులు అట్లా లేవు కూడా. కానీ ఆయన తీసుకున్న నిర్ణయాన్ని మన రాజీనామా లేఖతో పోల్చుకునే ముందు ఈ వరస ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సరే, అసలు విషయానికొస్తా. లెక్కల సారుకు ఈ పనిలో ఏం పని అని నువ్వే ఒకచోట రాశావు, నీ చదువు వృథా అయిందన్న బాధతో. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. హక్కుల పనిలో గుండెకాయ లాంటిది నిజనిర్ధారణ. ఉపన్యాసం, కరపత్రం, ప్రెస్ మీట్ అన్నీ దాని తర్వాతే. నిజనిర్ధారణ అంటే, నీకు తెలిసింది ఎంత, తెలియంది ఎంత, అనుకుంటున్నది ఎంత అని విడదీయడం. ఒక సిద్ధాంతాన్ని రుజువు చేసేటప్పుడు ‘ఇది స్పష్టంగానే ఉంది కదా’ అని ఒక మెట్టు దాటేస్తే నీ గైడు ఏం చేస్తాడు? పేపరు వెనక్కి ఇస్తాడు. ఇక్కడ ఆ పని పోలీసు అధికారి చేస్తాడు, ప్రభుత్వ లాయరు చేస్తాడు. నువ్వు దాటేసిన ఆ ఒక్క మెట్టు మీదే నిలబడి మొత్తం రిపోర్టు అబద్ధం అంటాడు.

ఊరికి పోయినప్పుడు ఏం చేస్తామో చెప్తా. వీలైనంత తొందరగా పోవాలి, మూడో రోజుకే ఊరంతా ఒకే కథ చెప్పడం మొదలవుతుంది. ఇద్దరు వేరువేరుగా రాసుకోవాలి, రాత్రి కూర్చుని రెండు నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూడాలి, తేడా వచ్చిన చోట మళ్లీ అడగాలి. గుంపులో అడిగితే సర్పంచో, గట్టిగా మాట్లాడేవాడో చెప్తాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. ఆడవాళ్లను విడిగా, కుదిరితే ఆడవాళ్ల చేతే అడిగించాలి. చెప్పిన ప్రతి మాట పక్కన ‘చూసింది’, ‘విన్నది’ అని రాసుకోవాలి. దూరం కొలవాలి, నిజంగానే అడుగులతో కొలవాలి, బావి దగ్గరి నుంచి ఆ చెట్టు కనిపిస్తుందా లేదా అని అక్కడ నిలబడి చూడాలి. తర్వాత ఎస్ఐని కలవాలి, తహసీల్దార్‌ను కలవాలి, వాళ్లు చెప్పింది కూడా మన రిపోర్టులో అచ్చు వేయాలి, మనకు నచ్చకపోయినా. కలవడానికి ఒప్పుకోకపోతే ఎన్నింటికి వెళ్లామో, ఎంతసేపు కూర్చున్నామో రాయాలి. డబ్బు వస్తుందని, న్యాయం జరుగుతుందని ఎవరికీ మాట ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సాక్షి పేరు ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో తెలియాలి, ఎందుకంటే మనం సాయంత్రం బస్సెక్కి హన్మకొండ వచ్చేస్తాం, ఆ మనిషి అదే ఊర్లో అదే స్టేషన్ పరిధిలో రేపు కూడా బతకాలి.

ఇది నాకు ఊరికే రాలేదు. కొత్తలో ఒక లాకప్ మరణం కేసులో మేము రాసిన రిపోర్టులో, నలుగురు కానిస్టేబుళ్లు కొట్టారని ఊరివాళ్లు చూసినట్టు రాశాను. నిజానికి మాకు చెప్పినతను చూడలేదు, స్టేషన్ ఎదురుగా టీ కొట్టు నడిపే మనిషి చెప్పగా విన్నాడు. ‘విన్నాడు’ అని రాయాల్సిన చోట ‘చూశాడు’ అని పడింది, ఆవేశంలో, రాత్రి పదకొండింటికి, తెల్లారితే ప్రెస్ మీట్ ఉందని. విచారణలో వాళ్లు అతన్ని పిలిచి నువ్వు చూశావా అన్నారు, లేదన్నాడు. అంతే. మిగతా పదహారు పేజీల్లో నిజాలున్నాయి, ఒంటి మీద గాయాలున్నాయి, టైములున్నాయి, ఏదీ నిలబడలేదు. చనిపోయినతని భార్య ఆ రోజు నన్నేమీ అనలేదు. ఇప్పటికీ ఆ ఊరి బస్సు కనిపిస్తే నాకు ఆమె ముఖమే గుర్తొస్తుంది. నీలాంటి లెక్కల మనిషి ఆ రాత్రి నా పక్కన ఉండి ఉంటే ఆ మాట దగ్గర ఆగి ఉండేవాడు. నీ చదువు వృథా కాదని అందుకే అంటున్నా.

బాలగోపాల్‌ను చాలామంది ధైర్యానికి మెచ్చుకుంటారు. ధైర్యం ఉన్నవాళ్లు ఆ కాలంలో ఇంకా చాలామంది ఉన్నారు. నేను ఆయన్ని ఎక్కువగా గౌరవించేది 1990లలో ఆయన చేసిన పనికి. పదిహేనేళ్ల దాకా తాను నడిపిన సంఘంలోనే, రాజ్యం చేసే హింసను ప్రశ్నిస్తే సరిపోదు, ఉద్యమం పేరుతో జరిగే హింసను కూడా అంతే నిజాయితీగా అడగాలి, హక్కుల సంఘం ఏ రాజకీయానికీ అనుబంధంగా ఉండకూడదు అని వాదించాడు. కులం చేసే అణచివేత, ఇంట్లో ఆడదాని మీద జరిగేది, అభివృద్ధి పేరుతో భూమి పోవడం, ఇవన్నీ కూడా హక్కుల ప్రశ్నలే అన్నాడు. ఒప్పుకోనివాళ్లు చాలామంది, వాళ్లలో ఆయనతో పాటు దెబ్బలు తిన్నవాళ్లు, జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. చివరికి బయటికి వచ్చి 1998లో కొందరు మిత్రులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. పోలీసులతో గొడవ పడటం కంటే ఇది కష్టం తమ్ముడూ. పోలీసులు తిడితే ఊర్లో గౌరవం పెరుగుతుంది. మనవాళ్లే ద్రోహి అంటే రాత్రి నిద్ర పట్టదు. నేను ఆ చీలిక రోజుల్లో రెండు వైపుల స్నేహితుల మధ్య నలిగాను, రెండు వైపులా నిజాయితీపరులున్నారని ఇప్పటికీ అనుకుంటా, కానీ ఆయన అడిగిన ప్రశ్న సరైనదే అని నాకు ఆ రోజూ అనిపించింది, ఈ రోజూ అనిపిస్తోంది. తాను తప్పనుకున్నదాన్ని, తాను పదేళ్లు చెప్పిందే అయినా సరే, నలుగురి ముందు మార్చుకోవడం, అదీ కారణాలు రాసి మరీ మార్చుకోవడం, అది మంచి పరిశోధకుడి లక్షణం. ఆయన్ని చూసి నేర్చుకోవాల్సింది నా లెక్కన ఇదే, రాజీనామా కాదు.

నలభై దాటాక లా చదివి వకీలు అయ్యాడు ఆయన. చనిపోయే దాకా, అంటే 2009 అక్టోబర్ 8 దాకా, యాభై ఏడేళ్ల వయసులో, హైకోర్టులో కేసులు వాదిస్తూనే ఉన్నాడు. ఇది ఎందుకు అవసరమైందో ఒక్క ఉదాహరణ చెప్తా. ఎన్‌కౌంటర్ జరిగితే కేసు ఎవరి మీద రాసేవాళ్లో తెలుసా? చనిపోయినవాడి మీద. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని ఎఫ్ఐఆర్, నిందితుడు చనిపోయాడు కాబట్టి ఫైలు మూత. చంపినవాళ్ల మీద కేసే ఉండదు. పౌరహక్కుల సంఘం దీని మీద జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, 1996 నవంబర్‌లో కమిషన్ ఇది చెల్లదని చెప్పింది, 1997 మార్చిలో కమిషన్ ఛైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఒక తీర్పిచ్చింది: ప్రతి ఎన్‌కౌంటర్ మరణం మీదా కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాట కోర్టు విచారణలో రుజువు కావాలి అని. సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది, తర్వాత 2014లో మహారాష్ట్ర కేసులో ఎన్‌కౌంటర్ మరణాల విచారణ మీద పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. చూడు, గిరాయిపల్లి నుంచి అక్కడిదాకా ముప్పై తొమ్మిదేళ్లు. ఇంత నిదానంగా కదిలే పనికి ఎన్నేళ్లు ఇవ్వగలవో ముందు ఆలోచించుకో.

లా చదవాలా అంటే, చదువు. సుబేదారిలో యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, లాసెట్ రాయి. కానీ ఒక చిక్కుంది, జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగంలో ఉండి వకాలత్ వేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. చదవడం వేరు, ప్రాక్టీసు వేరు. ప్రాక్టీసు పెట్టే రోజున ఉద్యోగం మానాల్సి వస్తుంది, అప్పుడు మానినా వెనక ఒక వృత్తి ఉంటుంది. నువ్వు మానాలనే అనుకుంటే నాకు నచ్చే దారి ఇదొక్కటే.

మానకుండా చేసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి నీ ప్రశ్నలో ఒక్క మాట లేదు. హరగోపాల్ సారు కాకతీయలో చెప్పాడు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చెప్పాడు, ప్రొఫెసర్‌గానే ఉంటూ హక్కుల పని మీద ఊరూరా తిరిగాడు. 2011లో మల్కన్‌గిరి కలెక్టర్‌ను మావోయిస్టులు తీసుకెళ్లినప్పుడు, 2012లో సుక్మా కలెక్టర్ విషయంలో, మధ్యవర్తిగా రెండు వైపులా ఒప్పుకున్న మనిషి ఆయన. అట్లా ఒప్పుకోవాలంటే నలభై ఏళ్లు ఒకే మాట మీద ఉండాలి. అనంతపురంలో శేషయ్య సారు లా పాఠాలు చెప్తూనే పౌరహక్కుల సంఘాన్ని నడిపాడు, 2020లో కరోనాతో పోయాడు. ఉద్యోగంలో ఉంటే క్షేమం అని మాత్రం అనుకోకు. 2022 ఆగస్టులో మన ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో ఊపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, కింద 152 మంది మీద ఒక కేసు రాశారు, బయటికి తెలిసింది 2023 జూన్‌లో. అందులో హరగోపాల్ సారు పేరుంది, అప్పటికే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి హెచ్. సురేష్ పేరు కూడా ఉంది. గొడవైతే సారు పేరు, మరికొందరి పేర్లు తీసేస్తామన్నారు. మిగతావాళ్ల సంగతేంటని అడిగిన మొదటి మనిషి కూడా సారే.

నాకూ చిన్న చిన్నవి జరిగాయి. ఒకచోట యాజమాన్యం నా టైంటేబుల్ మార్చి పొద్దున మొదటి పీరియడ్, సాయంత్రం చివరి పీరియడ్ వేసి మధ్యలో ఖాళీ పెట్టింది, ఎక్కడికీ కదలకుండా. రెండేళ్లు ఆదివారాలే తిరిగాను. పని ఆగలేదు.

డబ్బు మాట. ‘ఈ రంగంలో కెరీర్’ అని రాశావు. ఢిల్లీలో, బెంగళూరులో జీతాలిచ్చే సంస్థలు ఉన్నాయి, మంచి పని చేసినవీ ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. కానీ వాటి ప్రాణం బ్యాంకు ఖాతాలో ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో ఆమ్నెస్టీ ఇండియా ఖాతాలు స్తంభింపజేస్తే ఆ సంస్థ ఇక్కడ పని మూసుకుంది, సిబ్బంది రోడ్డున పడ్డారు. మన దగ్గరి సంఘాలు మొదటి నుంచీ వేరే దారి పట్టాయి: సభ్యుల చందా, బస్సు చార్జీ ఎవరిది వాళ్లది, బయటి నిధులు వద్దు. ప్రధాన కార్యదర్శి అంటే జీతం వచ్చే పదవి కాదు, జీతంలోంచి పోయే పదవి. టీచర్లు, లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు ఈ సంఘాల్లో ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. నీ జీతం ఈ పనికి అడ్డం కాదు, ఆధారం. ఆ ఇరవై వేలో పాతిక వేలో వస్తున్నంత కాలం ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఏ కలెక్టర్‌నైనా, ఏ నాయకుడినైనా ప్రశ్నించగలవు.

ఒక విషయం మాత్రం గట్టిగా అడుగుతున్నా, దీనికి నీకు నువ్వే జవాబు చెప్పుకోవాలి. 2008 డిసెంబర్‌లో ఇదే ఊర్లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకు ముగ్గురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఊరు పండగ చేసుకుంది. పూలదండలు, స్వీట్లు. మా స్టాఫ్ రూములో కూడా స్వీట్లు పంచారు. నేను తినలేదు. ఆ అమ్మాయిల మీద జరిగింది తలచుకుంటే కడుపు రగిలేది, నాకూ ఆడపిల్ల ఉంది, అయినా కోర్టు లేకుండా చంపడాన్ని ఒప్పుకోలేనన్నాను. నాకు ఎంతో ఇష్టమైన స్టూడెంటు లేచి, సార్ మీ బిడ్డకు జరిగితే ఇట్లాగే అంటారా అని అడిగింది. అంటానో లేదో తెలియదమ్మా, తండ్రిగా నేనే కత్తి పట్టుకుంటానేమో, అందుకే తీర్పు తండ్రి చేతిలో పెట్టకూడదు, పోలీసు చేతిలోనూ పెట్టకూడదు అన్నాను. ఆ అమ్మాయి ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. 2019లో దిశ కేసు వచ్చింది, డిసెంబర్ 6న నలుగురు నిందితుల్ని పోలీసులు చంపారు, మళ్లీ పూలు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ రిపోర్టు వచ్చిన రోజు పూలు చల్లినవాళ్లెవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు చదివిన వ్యాసాల్లో హక్కుల కార్యకర్త జనం వైపు నిలబడి రాజ్యాన్ని అడుగుతున్నాడు. జనమే ఎదురుగా ఉన్న రోజు కూడా వస్తుంది. నీ స్టూడెంట్లు, నీ చుట్టాలు, నీ కులంవాళ్లు ఒకవైపు, నువ్వొక్కడివి ఒకవైపు. ఆ రోజు నోరు తెరవగలనా అని అడుగు. తెరవగలను అనిపిస్తే ఈ పనికి పనికొస్తావు, కాలేజీలో ఉన్నా, బయట ఉన్నా.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు. ఎన్‌కౌంటర్లు, ఊపా కేసులు మొదట పట్టుకోకు. మన చుట్టూ నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు కౌలు రైతుల ఆత్మహత్యలు పట్టుకో. 2015 జీవో 194 ప్రకారం కుటుంబానికి ఆరు లక్షలు రావాలి, 2018 నుంచి రైతు బీమా ఐదు లక్షలు. కానీ బీమా పట్టా పాసుబుక్కు ఉన్నవాళ్లకే. కౌలుకు ఐదెకరాల పత్తి వేసి, అప్పులై, మందు తాగి చనిపోయిన మనిషి కాగితం మీద రైతే కాదు. భూమి వేరేవాళ్ల పేర ఉంటుంది, అప్పు ప్రైవేటు ఫైనాన్స్‌ది కాబట్టి రుజువు ఉండదు, కౌలు నోటిమాట. ఇదంతా కూర్చి ఆ మనిషి నిజంగా సాగు చేశాడని రుజువు చేయాలి: ఎరువుల దుకాణం చీటీలు, పత్తి అమ్మిన కమిషన్ రసీదు, పక్క చేను రైతుల వాంగ్మూలం, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు. ఒక్క కుటుంబం ఫైలు తయారుచెయ్యి చాలు, చట్టం, రెవెన్యూ, పోలీసు, బ్యాంకు నాలుగూ ఎట్లా పనిచేస్తాయో ఏ పుస్తకం చెప్పనంత తెలుస్తుంది. ములుగు, ఏటూరునాగారం వైపు పోతే పోడు భూములు, 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్నామని చూపించాల్సిన గిరిజనులు, అది ఇంకో పెద్ద పని. ఇంకొకటి గుర్తుపెట్టుకో, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాదిలోపే వేయాలి, దాటితే తీసుకోరు. ఆ తేదీ దాటిపోయాక మా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

రెండేళ్లు ఇట్లా చెయ్, సెలవుల్లో, ఆదివారాల్లో. ఒంటరిగా వద్దు, నీకు నచ్చిన సంఘంలో చేరి వాళ్లతో తిరుగు, నచ్చనిచోట వాళ్లతో వాదించు. తర్వాత కూడా ఉద్యోగం అడ్డం అనిపిస్తే అప్పుడు మళ్లీ రాయి, అప్పుడు నేను మానొద్దు అనను.

పీహెచ్‌డీ మాత్రం పూర్తి చెయ్. సగంలో వదలొద్దు. బాలగోపాల్ వదల్లేదు.

ఇక అమ్మ. నువ్వు రాసినదాంట్లో నాకు ఎక్కువ నచ్చింది అదే, చాలామంది ఇంట్లోవాళ్ల ఊసే ఎత్తరు. ‘మీటింగుంది’ అని చెప్పి వెళ్లకు, ఆ మాటకే టెన్షన్ మొదలవుతుంది, ఎక్కడ, ఎవరితో, ఎప్పుడొస్తాడో తెలియక. ఊరి పేరు చెప్పు, ఎవరింటికి పోతున్నావో చెప్పు, వాళ్లకేం జరిగిందో కూడా చెప్పు. మా అమ్మ మొదట్లో నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకసారి చనిపోయిన రైతు భార్య కాగితాల కోసం మా ఇంటికి వస్తే ఆ రాత్రి ఇక్కడే పడుకోమంది, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆ ఆరు లక్షలు వచ్చాయా అని నన్ను రెండేళ్లు అడుగుతూనే ఉంది. వచ్చిన రోజు ముందు అమ్మకే ఫోన్ చేశాను.